విశ్రాంతి క్యాసెట్

నల్లపాడు ప్రభు పగలు పత్తి మిల్లులో పనిచేసేవాడు, ఆదివారం చర్చిలో గిటార్ వాయించేవాడు. రైల్వే క్వార్టర్స్‌లో ఉండే ఒక ముసలి గార్డు దగ్గర జాజ్ నేర్చుకుని, దాన్ని మన కీర్తనల రాగాలతో కలిపాడు. తొంభై తొమ్మిదిలో సొంతంగా ఒక క్యాసెట్ చేశాడు. పేరు 'విశ్రాంతి'. మిరపకోతకు వెళ్ళొచ్చి, చేతులు మండుతూ నడుం వాల్చే మనిషి కోసం చేశానన్నాడు. అందులో మాట ఒక్కటి లేదు, అంతా గిటారే.

మనవాళ్ళకి మాట లేకపోతే అది పాటే కాదు. పక్కింటి ఆదెయ్య ఒక సైడు మొత్తం కాచుకుని కూర్చుని, "ఏరా ప్రభూ, ఇంకా పాట మొదలెట్టవేంట్రా?" అన్నాడు. ప్రభు నవ్వి క్యాసెట్ రెండో వైపుకి తిప్పి పెట్టాడు. అతని స్నేహితుణ్ణి, నాకు మాత్రం ఒళ్ళు మండింది.

రెండేళ్ళకి మిల్లులో పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిషన్ అతని ఎడమచేతి వేళ్ళు తినేసింది. అప్పటికే ఆ క్యాసెట్ రికార్డు చేసిన స్టూడియో మూతపడింది, అసలు టేపు ఏమైందో ఎవరికీ తెలియదు. తన దగ్గరున్న కాపీని ఎవరో విని ఇస్తామని పట్టుకెళ్ళి ఇవ్వలేదు. ఇక ఆ వాయింపు బతికుంటే జనం కొన్న క్యాసెట్లలోనే ఉండాలి. ఒక్కటి దొరికితే చాలు అంటూ ప్రభు పిచ్చివాడిలా ఊళ్ళు పట్టుకు తిరిగాడు. నేనూ వెంట వెళ్ళాను.

క్యాసెట్ మీద ఇంకోటి రికార్డు కాకుండా ఉండాలంటే దాని అంచున ఉండే ప్లాస్టిక్ చెవులు విరగ్గొట్టాలి. నా క్యాసెట్ ఎవరు చెరుపుతారులే అని ప్రభు విరగ్గొట్టలేదు. మాటల్లేవు కాబట్టి అది ఖాళీదేనని, జనం సువార్త సభలకు తీసుకెళ్ళి దానిమీద ప్రసంగాలు ఎక్కించుకున్నారు. అద్దంకిలో ఒకామె కూతురి పద్యాలు ఎక్కించింది. ప్రతి ఇంటి గడప దిగాక ప్రభు మొహం చూడలేకపోయేవాణ్ణి.

చివరికి పొదిలిలో జక్రయ్య గారనే రిటైరైన టీచరు దగ్గర ఒకటి దొరికింది. టేప్ రికార్డర్‌లో పెడితే ప్రసంగమే. తిప్పి పెడితే అటువైపూ ప్రసంగమే. ప్రభు గోడకి జారబడిపోయాడు. ఆపమనడానికి కూడా అతనికి ఓపిక లేదు. ప్రసంగం ముగిసింది, ఆమెన్ అన్నారు. కాస్త గరగర. ఆ వెంటనే గిటార్.

ప్రభు లేచి కూర్చున్నాడు. వేళ్ళు లేని చెయ్యి మోకాలి మీద కదలసాగింది. జక్రయ్య గారు వంగి బటన్ నొక్కారు.

"అయిపోయింది బాబూ. ఇక అక్కడేమీ లేదు, ఖాళీ."

"ఆ ఖాళీ కోసమే వచ్చానండి," అన్నాడు ప్రభు. "మళ్ళీ పెట్టండి, మీకు దణ్ణం పెడతాను."