మేస్త్రిని దించిన రోజు

2023 వానాకాలం. విశాఖ పోర్టు దగ్గర ఒక కాంట్రాక్టు యార్డులో నేను మొబైల్ క్రేన్ ఆపరేటర్‌ని. ఇరవై రెండేళ్లలో నా క్రేను ట్రాన్స్‌ఫార్మర్లు ఎత్తింది, బాయిలర్లు ఎత్తింది, ఒకసారి జెట్టీ మీంచి నీళ్లలో పడ్డ లారీని కూడా ఎత్తింది. అయినా మరిచిపోలేని లిఫ్ట్ ఏదని ఎవరైనా అడిగితే, క్రేనే లేకుండా ఒక కప్పీ, ఒక తాడు, ఎనిమిది మంది మనుషులతో మల్కాపురంలో ఒక బాల్కనీలోంచి చేసిన పని గురించే చెబుతాను. ఆ రోజు మేం దించింది మా గురువుని.

ఆయన పేరు సన్యాసి. అందరికీ మేస్త్రి. ఖలాసీల గ్యాంగుకి పెద్ద. ఖలాసీలంటే పెద్ద పెద్ద బరువులకి తాళ్లూ బెల్టులూ కట్టి, లేపి, జరిపి, వాటి చోట్లో కూర్చోబెట్టేవాళ్లు. మేస్త్రి అసలు విద్య మాత్రం సిగ్నల్. క్యాబిన్‌లో కూర్చున్న ఆపరేటర్‌కి బరువు ఎక్కడ దిగుతోందో చాలాసార్లు కనపడదు. కింద నిలబడ్డ సిగ్నల్‌మన్ చేతులే అతనికి కళ్లు. మేస్త్రి చేతులు చూస్తూ నేను పని నేర్చుకున్నాను. నాకు ఆయన ఏ చుట్టమూ కాడు. చేరిన మొదటి రోజే ‘అల్లుడూ’ అన్నాడు, నేను ‘మావా’ అన్నాను. అక్కడితో చుట్టరికం కుదిరిపోయింది.

చేరిన ఏడాదే నేనొక తప్పు చేశాను. పైపుల కట్ట దించుతున్నాను. యార్డు ఊడ్చే ఆవిడ దూరం నుంచి చెయ్యి అడ్డంగా ఊపింది. ఆపమని. సిగ్నల్‌మన్ కాని మనిషి మాట నాకెందుకని నేను ఆపలేదు. మేస్త్రి విజిల్ చెవులు పగిలేలా మోగింది. చూస్తే కింద ఒక ఖలాసీ కాలికి తాడు చుట్టుకుని ఉంది. ఇంకో జానెడు దిగితే వాడి కాలు దక్కేది కాదు. నన్ను కిందికి రమ్మని, అందరి ముందూ నిలబెట్టాడు.

‘లేపు, దించు, తిప్పు... ఇయ్యన్నీ ఒక్కడే సెప్పాల. ఆపు అనడానికి మాత్రం అందరికీ హక్కుందిరా. ఊడ్సేది సెయ్యెత్తినా ఆపాల, కుక్క కాలెత్తినా ఆపాల. ముందు ఆపు. ఎందుకో తరవాత అడుగు.’

కుక్క కాలెత్తితే ఆపడమేంటని గ్యాంగంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. నేను మాత్రం వారం రోజులు ఏ కుక్కని చూసినా ఉలిక్కిపడ్డాను.

రిటైరయ్యాక కూడా మేస్త్రి చేతులు ఊరుకోలేదు. ఇంట్లోనూ సైగలే. భార్య పైడమ్మత్త అన్నం వడ్డిస్తుంటే ‘మెల్లిగా దించు’ సిగ్నలు, చాలనిపిస్తే అరచెయ్యి అడ్డంగా ఊపి ‘ఆపు’. టీవీకి అడ్డొచ్చిన వాళ్లని రెండు వేళ్లతో ఎడమకి స్వింగ్ చేసేవాడు. ‘నోరు పడిపోనాదా ఏటి మీ మావకి?’ అని అత్త నా దగ్గర దెప్పేది. దెప్పుతూనే ఆవిడకి సిగ్నల్సన్నీ వచ్చేశాయి.

డెబ్బై రెండో ఏట, ఒక ఆదివారం, వంజరం చేప పులుసుతో కడుపునిండా తిని, మధ్యాహ్నం కునుకు తీయడానికి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. అంత హాయిగా పోయిన మనిషిని తలుచుకుని ఏడవాలో, ఆయన అదృష్టానికి కుళ్లుకోవాలో మాకు తెలియలేదు. నేనైతే రెండూ చేశాను.

మర్నాడు పొద్దున్న అసలు చిక్కు వచ్చింది. మేస్త్రి ఉండేది రెండో అంతస్తు. మెట్లు ఒక మనిషి పట్టేంత. మలుపు దగ్గర మనిషి కూడా పక్కకి తిరగాలి. పాడె దిగదు. అత్తయ్య అన్నగారు, పెద్దమనిషి, ఉపాయం చెప్పాడు. ‘కుర్చీలో కూకోబెట్టి, కట్టి, ఒంపుకుంటూ దించేద్దాం.’

అప్పటిదాకా గోడకి ఆనుకుని కూర్చున్న అత్త లేచింది. ‘నలబై ఏళ్లు ఏ బరువూ ఒరగనివ్వనేదు నా పెనివిటి. ఆయన్ని ఒంపి దించుతార్రా? ఒరగకుండా దించగలిగినోడే ముట్టండి.’

మా గ్యాంగులో అప్పన్న నా చెవిలో అన్నాడు. ‘బావా, బీరువా ఎలా ఎక్కించేం?’

నిజమే. ఆ ఇంట్లోకి వచ్చినప్పుడు బీరువాని మేస్త్రే దగ్గరుండి బాల్కనీలోంచి ఎక్కించాడు. ఇల్లు కట్టినప్పుడు ఇసుక లాగడానికి డాబా మీద బిగించిన ఇనుప దూలం ఇప్పటికీ ఉంది. పెద్దమనిషి తల పట్టుకున్నాడు. ‘మనిషిని సామానులాగ దించుతారేట్రా?’ అన్నాడు. ‘ఆయన సామాన్లని మనుసుల్లాగ దించేవోడన్నయ్యా’ అంది అత్త.

అరగంటలో యార్డు నుంచి కప్పీ, కొత్త తాడు, బెల్టులు వచ్చాయి. ముందు నలుగురి బరువుకు సరిపడా ఇసుక బస్తాలు కట్టి, జానెడు లేపి, ఆపి చూశాం. మేస్త్రి నేర్పిన పద్ధతే. తర్వాత పాడెని నాలుగు మూలలా కట్టి బాల్కనీ దాటించాం. కింద సందులో ఎనిమిది మంది తాడు పట్టారు. సిగ్నల్ నన్నివ్వమన్నారు. సన్నగా తుంపర మొదలైంది.

అక్కడ మేం చేసిన పొరపాటు మేం మాత్రమే చేయగలిగింది. నేను ‘దించు’ అని చెయ్యి చూపగానే గుమ్మంలోంచి ఒకడు, ఎదురు డాబా మీంచి ఒకడు, స్కూటర్ ఎక్కి ఒకడు, మొత్తం పది పన్నెండు మంది చేతులెత్తి తలా ఒక సిగ్నలు ఇచ్చారు. అందరూ మేస్త్రి శిష్యులే మరి. ఎవడి చేతిని చూడాలో తెలియక తాడు పట్టినవాళ్లు ఒకరు వదిలారు, ఒకరు బిగించారు. పాడె ఊగి, కాళ్ల వైపు బెత్తెడు ఒరిగింది.

‘రవణా!’ పైనుంచి అత్త కేక. ఏదో విసిరింది. పట్టుకుని చూస్తే మేస్త్రి విజిల్. ఊదాను. ఆ మోత వినగానే పన్నెండు జతల చేతులు వెనక్కి వెళ్లిపోయాయి. తిట్లు తిన్న బడిపిల్లల్లా అందరూ నేల చూస్తూ నిలబడ్డారు. ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు సందంతా పాకింది, పెద్దమనిషి కూడా కండువా అడ్డం పెట్టుకున్నాడు.

ఒరిగిన వైపు సరిచేసి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి మేస్త్రి అరచేతిలో నీళ్లగిన్నెలా దిగుతున్నాడు. డప్పులవాళ్లు కూడా మెల్లగా మా లయలోకి వచ్చారు. నేలకి ఇంకో నిలువెత్తు దూరం ఉందనగా పైకి చూశాను. బాల్కనీలో పైడమ్మత్త చెయ్యి చాచి, అరచెయ్యి కిందికి పెట్టి, అడ్డంగా ఊపుతోంది. ఆపు.

ఆపాను. ఎనిమిది మందీ తాడు బిగబట్టారు. డప్పులు ఆగాయి. ముడి చూశాను, దూలం చూశాను, మూలలు చూశాను. ఎక్కడా తేడా లేదు. తుంపరకి తాడు బరువెక్కి వాళ్ల చేతులు ఎర్రబడుతున్నాయి. అయినా ఎందుకని ఒక్కడూ అడగలేదు. రెండు నిమిషాలు గడిచాక ఆవిడ రెండో చెయ్యి కింద పెట్టి, పై చేతి వేలు తిప్పింది. మెల్లిగా దించు. మేస్త్రి ఒరగకుండా నేల మీదికి దిగాడు. భుజాల మీదికి ఎత్తుకుని, డప్పులకి అడుగులేస్తూ సాగనంపాం. అంత ఏడుపూ అంత ఆటా ఒకే రోజున నేనెప్పుడూ ఎరగను.

పదకొండో రోజు భోజనాల దగ్గర అడిగాను. ‘ఆవేళ ఆపేవేటత్తా? ఏటి కనిపించింది?’

అత్త నా విస్తట్లో అన్నం వడ్డిస్తోంది. ‘ఏటీ నేదురా’ అంది. ‘నలబై ఏళ్లు డూటీకి ఎల్తంటే ఇలాంటి బాల్కనీలోనే నిలబడి సూసేదాన్ని. ఒక్కనాడూ ఆగి ఎనక్కి సూడనేదు. టైమైపోతంది అనీవోడు. ఆపు అని నాను ఎప్పుడూ అననేదు. ఆవేళ అన్నాను. ఆగేడు.’

ఆవిడ నవ్వింది. ఈ వృత్తిలో ‘ఆపు’ అంటే ప్రమాదం అనే నాకు తెలుసు. ప్రమాదమేమీ లేకపోయినా ఆపమని అడిగే మనిషి ఉంటారని ఆ రోజు తెలిసింది. అప్పటినుంచి పొద్దున్న డ్యూటీకి బయల్దేరేటప్పుడు సందు మలుపులో బండి ఆపి, మా ఆవిడ నిలబడే కిటికీ వైపు ఒకసారి చూస్తాను. ఆవిడ చెయ్యేమీ ఊపదు. అయినా ఆపుతాను.