పామర్ వెనక్కి తిరిగిన చోటు

ఆస్డల్ కౌంటీలో ఎవరినైనా దారి అడిగితే ఉన్నవాటిని గుర్తు చెప్పరు, లేనివాటిని చెప్తారు. "చీజ్ ఫ్యాక్టరీ ఉండేది చూడు, అక్కడ ఎడమకి తిరుగు. హెన్రిక్ ఎర్ర కొట్టం పడిపోయింది కదా, అది దాటాక కుడికి." చీజ్ ఫ్యాక్టరీ తగలబడి నలభై ఏళ్లయింది. హెన్రిక్ కొట్టం గాలివానకి పడిన ఏడు పుట్టిన ఆడపిల్లలకి ఇప్పుడు పిల్లలున్నారు. అయినా అలా చెప్పడంలో తప్పుందని అక్కడెవరికీ తోచదు. విస్కాన్సిన్ కొండల సందులో ఇరుక్కున్న ఊళ్లు అవి. అర్థం కానివాడిదే తప్పంటారు.

మార్లిస్ ట్వేట్ ఆ మట్టిలో పుట్టిన మనిషే. కోర్టు భవనం నేలమాళిగలో విపత్తుల ఆఫీసు ఉంది. కిటికీలోంచి చూస్తే దారిన పోయేవాళ్ల కాళ్లు తప్ప మొహాలు కనపడవు. ఆ గదిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, బూట్లను బట్టి మనిషి పేరు చెప్పగలిగేది. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "టైమెక్కడిది? ఓ ఏడు వరద, ఓ ఏడు గాలివాన" అనేది.

ఆమె పై అధికారి ఆర్విల్ స్కార్. రెండు వేల మూడులో కౌంటీకి మొట్టమొదటి విపత్తుల ప్లాన్ రాసింది వీళ్లిద్దరే. ఏ రోడ్డు మునుగుతుంది, ఏ కల్వర్టు చిన్నది, ఏ గట్టు తెగుతుంది, అన్నీ అందులో ఉండాలి. అందులో లేని చోటుకి వాషింగ్టన్ నుంచి పైసా రాదు. ఆ ఎండాకాలమంతా ఆర్విల్ తన పాత ట్రక్కుని నత్తలా నడుపుతూ, కిటికీలోంచి తల బయటపెట్టి కాలవలు చూస్తూ, "రాసుకో" అనేవాడు. "ఓలావ్ ట్రాక్టరు దిగబడ్డ పల్లం." మార్లిస్ ఒళ్లో పుస్తకం పెట్టుకుని రాసుకునేది. "పాత బడి మెట్లకింది తూము." రాసుకునేది. మధ్యాహ్నం గుడ్డు శాండ్‌విచ్‌లు, ఫ్లాస్కులో కాఫీ, చెట్టు కింద కాసేపు కునుకు. ఆ తర్వాత ఎన్ని ఎండాకాలాలు వచ్చినా అంత హాయిగా గడిచింది ఇంకోటి లేదు. ఆ మాట ఆర్విల్‌తో ఎన్నడూ అనలేదు, అక్కడివాళ్లు అలాంటివి అనరు. ఆయన పోయాక తెలిసింది, అని ఉండాల్సిందని.

ప్లాన్‌ని ఐదేళ్లకోసారి తిరగరాయాలి. ఆ తర్వాత మూడుసార్లు మార్లిస్ ఒక్కతే రాసింది. అయిదోసారికి కౌంటీ బోర్డు అధ్యక్షుడు డెల్మర్ ఫాసీ మెట్లు దిగి వచ్చి, కుర్చీలో కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు. కూర్చోలేదంటేనే వచ్చింది మంచి కబురు కాదని ఆమెకి అర్థమైంది.

"మార్లిస్, ఈసారి కన్సల్టెంటుని పెట్టుకుందామని అనుకుంటున్నాం."

"ఏం, నాకు కళ్లు పోయాయా?"

"కళ్లు కాదు, రూల్సు. ఈ కట్ట చూడు, ఇటుకలా ఉంది. పైగా సెప్టెంబరులో నువ్వు రిటైరవుతున్నావాయె."

"రిటైరవుతున్నాను, చచ్చిపోవట్లేదు."

"నేనలా అన్నానా?" అంటూ డెల్మర్ టోపీ చేతిలో తిప్పుకున్నాడు. "కన్సల్టెంట్లని పిలిచే ప్రకటనేదో నువ్వే రాసి పెట్టు. నీ అంత బాగా ఎవరూ రాయలేరు."

పెరటిచెట్టు మందుకు పనికిరాదు సరే, బయటి మందు కొనుక్కురమ్మని ఆ చెట్టుకే పురమాయిస్తే ఎలా ఉంటుంది? మార్లిస్ మూడు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నాలుగోరోజు ప్రకటన రాసింది. చక్కగానే రాసింది. చేతకాకుండా రాయడం ఆమెకి చేతకాదు.

మూడు కంపెనీలు వచ్చాయి. బోర్డు తరఫున ముగ్గురు, రోడ్ల శాఖ నుంచి ఒకరు, మార్లిస్, మొత్తం అయిదుగురు కూర్చుని విన్నారు. మొదటివాడు రంగురంగుల బొమ్మలు చూపించాడు, అందులో సముద్రపు తుఫాను కూడా ఉంది. ఇక్కణ్ణుంచి సముద్రం వెయ్యి మైళ్లు. రెండోవాడు గడియారం చూసుకుంటూ మాట్లాడాడు. మూడోది రాష్ట్ర రాజధాని మాడిసన్ నుంచి వచ్చిన టెస్ వోజ్నియాక్ అనే అమ్మాయి, ముప్పై దాటి ఉండదు. పాత ప్లాన్‌ని మొదటినుంచి చివరిదాకా చదివి వచ్చింది. చదివిందని ఎలా తెలిసిందంటే, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"'చీజ్ ఫ్యాక్టరీ ఉండిన చోటు' అని ఏడుసార్లు రాశారు. అది ఇప్పుడు ఎక్కడుంది?"

డెల్మర్ పకపకా నవ్వాడు. అందరూ నవ్వారు. మార్లిస్‌కి చెవులు వేడెక్కాయి. తన ఇరవై ఏళ్ల రాతని పట్టుకుని పదిమందిలో ఎగతాళి చేసిందనుకుంది. చేతులెత్తమంటే నలుగురు ఆ అమ్మాయికే ఎత్తారు. మార్లిస్ ఎత్తలేదు.

ఆగస్టులో టెస్ దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. పదకొండు చోట్లు వరుసగా రాసి, ఒక్కోదానికి ఎదురుగా 'ఆచూకీ తెలియలేదు' అని ఉంది. అక్షాంశాలు, రేఖాంశాలు లేని చోటుని రాష్ట్రం ఒప్పుకోదట. శుక్రవారం ప్లాన్ పంపించాలి. ఈలోగా చోటు తెలియకపోతే ఆ పదకొండూ కొట్టేయాలి.

మార్లిస్ వెంటనే ఫోనందుకుంది. "రేపు పొద్దున ఏడింటికి రా. బూట్లేసుకుని రా."

టెస్ వచ్చింది, బూట్లు కొత్తవి. మార్లిస్ తన కారు తీసింది. దారిలో మొదటి గంటసేపు పలకరింపు కూడా పొడిపొడిగానే సాగింది. చీజ్ ఫ్యాక్టరీ ఉండిన చోటు దగ్గర కారాపి, గడ్డిలో మిగిలిన సిమెంటు గట్టు మీద కాలుపెట్టి చూపించింది.

"ఇదీ నీ ఫ్యాక్టరీ. శనివారం ఇక్కడికొస్తే వేడివేడి చీజ్ ముక్కలు కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్లు. పళ్ల కింద కీచుమనేవి. ఆ చప్పుడు రాకపోతే నిన్నటి సరుకని మా అమ్మ తిరిగిచ్చేసేది."

టెస్ చేతిలో యంత్రంతో చోటు గుర్తు పెట్టుకుని, ఆమె చెప్పింది కూడా పక్కన రాసుకుంది.

"అదెందుకు రాయడం?" అంది మార్లిస్.

"ఎందుకంటే మీరు చెప్తే తప్ప నాకిక్కడ గడ్డే కనిపిస్తోంది కనుక."

ఆ మాటతో మార్లిస్‌కి సగం కోపం పోయింది. ఆ రోజు అడిగింది ఎగతాళికి కాదని తెలిసింది. మిగతా సగం మధ్యాహ్నం గుడ్డు శాండ్‌విచ్ పంచుకున్నాక పోయింది. ఓలావ్ ట్రాక్టరు దిగబడ్డ పల్లం, బడి మెట్లకింది తూము, కవల దూడలు పుట్టిన మడి పక్క గట్టు, ఒక్కోటీ చూపిస్తుంటే ఆమె గొంతు తేలికైంది. కారు నడుపుతున్నది తానైనా, కిటికీలోంచి తల బయటపెట్టి ఎవరో "రాసుకో" అంటున్నట్టే ఉంది. సాయంత్రానికి పది చోట్లు దొరికాయి.

తొమ్మిదోది దొరకలేదు.

'పామర్ వెనక్కి తిరిగిన చోటు, దాని కింది కల్వర్టు.' అంతే ఉంది. ఇది ట్రక్కులో తిరిగినప్పుడు చెప్పింది కాదు. ఆఖరిరోజు ఆర్విల్ తానే పెన్సిలుతో రాసి, కింద రెండు ఎర్రగీతలు గీసి, టైపు చేయమని బల్లమీద పెట్టాడు. పుస్తకం మొత్తంలో రెండు గీతలు గీసింది దానికొక్కదానికే. అదెక్కడో మార్లిస్‌కి ఆ రోజూ తెలియదు. అందరికీ తెలిసిన చోటుని ఎక్కడని అడగడం ఆ కౌంటీలో చిన్నతనం. అందుకని అడగలేదు. నాలుగు ప్లాన్లలో, నాలుగుసార్లు, తెలిసినట్టే టైపు చేసింది.

"నాకు తెలియదు" అంది టెస్‌తో.

"పదకొండులో పది దొరికాయి కదా, పోనీలెండి."

"పోనీయడానికి లేదు. ఆర్విల్ ఊరికే గీతలు గీసే మనిషి కాదు. అక్కడ ఎవరో పోతారని తెలిసి గీశాడు."

పామర్ నెషీమ్ ముప్పై ఒక్క ఏళ్లు పాల లారీ తోలాడు. పోయి పన్నెండేళ్లు. భార్య ఆర్డిస్‌కి తొంభై ఒకటి, వృద్ధుల ఆశ్రమంలో ఉంటుంది. గురువారం మధ్యాహ్నం పుల్లటి రూబార్బ్ కాడలు వేసి చేసిన కేకు పట్టుకుని ఇద్దరూ అక్కడికి వెళ్లారు. ఆర్డిస్ ముందు కేకు వాసన చూసింది.

"చక్కెర తగ్గించావు."

"డాక్టరు తగ్గించమన్నాడన్నారుగా."

"డాక్టరుకి చెప్పమ్మాయ్, నాకు తొంభై ఒకటని." ఒక ముక్క తిన్నాక అడిగింది, "ఏం పని మీద వచ్చావు? ఊరికే వచ్చే రకం కాదు నువ్వు."

మార్లిస్ చెప్పింది. ఆర్డిస్ ఫోర్కు పక్కన పెట్టి ఆమె మొహంలోకి చూసింది.

"నీకు తెలీదా?"

"తెలీదు."

"మా ఆయన ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కరోజే వెనక్కి తిరిగాడు. డెబ్బై ఎనిమిది జులై. రాత్రంతా వాన. తెల్లారుజామున పొగమంచులో ఏమీ కనపడటం లేదట. పల్లంలోకి దిగబోతుంటే ఎదురుగా లాంతరు ఊగుతోందట. నడుములోతు నీళ్లలో నిలబడి ఒకడు లాంతరు ఊపుతున్నాడు. ఆ మనిషి వెనక కల్వర్టూ లేదు, రోడ్డూ లేదు. పామర్ బండి వెనక్కి తిప్పాడు. ఆ లాంతరు లేకపోతే అప్పటికే నేను విధవని, నలుగురు పిల్లలతో."

"ఎవరు ఆయన?"

"ఎవరేంటి? మీ నాన్న. మీ గేటు ముందే."

ఆ వేసవి మార్లిస్ పట్నానికి వెళ్లి, లా క్రాస్‌లో టైపు నేర్చుకుంటోంది. వరద తగ్గాక నాన్న ఫోన్ చేసి, "రెండు రోజుల పాలు పారబోశాం" అన్నాడు. అంతే చెప్పాడు. ఇన్నేళ్లూ నాన్న తలపుకి వచ్చినప్పుడల్లా, పాలు పోయాయని గొణిగిన మనిషే తలపుకి వచ్చేవాడు. పక్కవాడి ప్రాణం నిలబెట్టిన సంగతి నోట్లోంచి రాలేదు, పాల సంగతి మాత్రం వచ్చింది.

"ఆర్విల్ మీ నాన్న పేరే రాస్తానన్నాడట" అంది ఆర్డిస్. "మీ నాన్న ఒప్పుకోలేదు. పామర్ పేరు రాసుకో, వెనక్కి తిరిగింది వాడు, నేను ఊరికే నిలబడ్డాను అన్నాడట. మీ ట్వేట్లంతా అంతే."

అక్కణ్ణుంచి తిన్నగా ఆ గేటు దగ్గరికి వెళ్లారు. రెండు వేల ఎనిమిది వరద తర్వాత మార్లిస్ పుట్టి పెరిగిన ఆ ఇంటిని ప్రభుత్వం కొని పడగొట్టింది. అక్కడ మళ్లీ ఎవరూ ఇల్లు కట్టకూడదని కాగితం. అప్పట్నుంచీ మార్లిస్ ఆ వైపు రాలేదు. ఎటు వెళ్లాలన్నా నాలుగు మైళ్లు చుట్టూ తిరిగి వెళ్లేది. ఇప్పుడు చూస్తే మోకాలెత్తు గడ్డి, అమ్మ వేసిన లిలాక్ పూల పొద, రెండు గేటు రాళ్లు. రోడ్డు పల్లంలోకి దిగి, ఎలుక దూరే పాటి కల్వర్టు మీదుగా మళ్లీ పైకెక్కింది.

కొండ అవతలి పొలాలన్నీ ఇప్పుడు కార్లూ కరెంటూ వద్దని పాతకాలపు పద్ధతిలో బతికే ఆమిష్ మతం వాళ్లవి. మార్లిస్, టెస్ చూస్తుండగానే ఒక గుర్రబ్బండి పల్లంలోకి దిగింది. వెనక సీట్లో ముగ్గురు పిల్లలు. తోలుతున్న ఆయన వీళ్లని చూసి ఒక వేలెత్తి పలకరించి పోయాడు.

"వీళ్లకి ఫోన్లుండవు కదా" అంది టెస్. "నీళ్లొస్తే ఎవరు చెప్తారు?"

"ఇదివరకు చెప్పడానికి ఒకాయన ఉండేవాడు" అంది మార్లిస్.

ఆమె రోడ్డు మధ్యకి వెళ్లి నిలబడింది. నడుములోతు అంటే ఎంతవరకో చెయ్యి పెట్టి చూసుకుంది. నాన్నకి ఈత రాదు. అది గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అరవై నాలుగేళ్ల మనిషి, నలుగురూ తిరిగే రోడ్డు మీద, చీదుకుంటూ ఏడ్చింది. టెస్ దగ్గరికి రాలేదు. కల్వర్టు పక్కన వంగి చోటు గుర్తు పెట్టుకుంటూ, అవసరానికి మించి అక్కడే ఉండిపోయింది.

కాసేపటికి అడిగింది, "పేరు ఏం రాయమంటారు? ట్వేట్ గేటు అని మార్చనా?"

మార్చమనాలని ఎంతగా అనిపించిందో ఆమెకే తెలుసు.

"వద్దు" అంది. "ఆయన వద్దన్నాడుగా."

శుక్రవారం ప్లాన్ వెళ్లింది, పదకొండూ ఉన్నాయి. సెప్టెంబరులో బోర్డు సమావేశం. ప్లాన్ ఆమోదించాక మార్లిస్‌కి వీడ్కోలు కేకు కోస్తామన్నారు. డెల్మర్ కళ్లజోడు ముక్కు చివరికి లాక్కుని జాబితా చదువుతూ తొమ్మిదో దగ్గర ఆగాడు.

"ఈ కల్వర్టు అన్నిటికంటే ముందు కట్టాలని రాశారు. ఎక్కడమ్మా ఇది?"

మార్లిస్ లేవబోయింది. ఈలోగా మాడిసన్ నుంచి వచ్చిన ఆ అమ్మాయి, యంత్రం చూడకుండా, కాగితం తిప్పకుండా చెప్పింది.

"ట్వేట్ వాళ్ల ఇల్లు ఉండేది చూడండి, దాని గేటు ముందు."

"ఓ, అక్కడా" అన్నాడు డెల్మర్. మిగతావాళ్లూ తలూపారు. ఎక్కడని ఇంకెవరూ అడగలేదు.

మార్లిస్ మళ్లీ కూర్చుంది. కేకు కోసం పెట్టిన కాగితం రుమాలు ఒకటి తీసుకుని, అందరూ చూస్తుండగానే కళ్లు తుడుచుకుంది.