దుప్పటి వెనక గురి

మొన్న బాపట్ల వెళ్తుంటే పిట్టలవానిపాలెంలో బస్సు ఆగింది. ఎవరో ఎక్కించిన కుండలోంచి పులిసిన తాటికల్లు వాసన కిటికీ దాకా వచ్చింది. పక్కనున్నాయన ముక్కు మూసుకున్నాడు. నాకు మాత్రం దానియేలు గారు గుర్తొచ్చారు. ఆయన తాగుబోతు కాదు. తాగవద్దని నాకు ఒక్కసారైనా చెప్పినవారూ కాదు.

డెబ్భైల మొదట్లో రేపల్లెలో నేను గుమస్తాగా చేరిన ఆఫీసుకు ఆయన హెడ్ క్లర్కు. లూథరన్ బడిలో పనిచేసిన పంతులు గారి అబ్బాయి. పొట్టి మనిషి, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు. ఫైళ్ళకన్నా, మనుషులు ఎందుకలా చేస్తారన్నది తెలుసుకోవడం ఆయనకు ఇష్టం.

ఆ ఏడు ఉద్యోగుల ఆటల పోటీల్లో నేను ఈటె విసరాలి. కాలేజీ రోజుల్లో నాకు అందులో కొంచెం పేరుండేది. మధ్యాహ్నం భోజనంతోపాటు స్నేహితులు పోసిన కల్లు రెండు గ్లాసులు తాగాను. ఒళ్ళు తేలికపడింది. భుజం ఇంత హాయిగా ఎన్నడూ లేదనిపించింది. పరుగెత్తుకొచ్చి విసిరాను. ఈటె బాగా ఎడమకు పోయి, టేపు పట్టుకుని ఓ పక్కన నిలబడ్డ కోటయ్య గారి పిక్కలో దిగింది. నెత్తురు కనబడేదాకా నేను నవ్వుతూనే ఉన్నాను.

కోటయ్య గారు మా ఆఫీసు టైపిస్టు. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఆసుపత్రి గదిలో ఆయనకు కుట్లు వేస్తుంటే నేను బయట బల్లమీద కూర్చున్నాను. దానియేలు గారు వచ్చి పక్కన కూర్చున్నారు. తిడతారనుకున్నాను.

"ఈటె ఎటు పోతోందనుకున్నావయ్యా?" అని అడిగారు.

"తిన్నగానే వెళ్తోందనుకున్నానండి."

"చేతిలోంచి జారినప్పుడు కూడానా?"

"అప్పుడూ అలాగే అనిపించిందండి."

"చెయ్యి తప్పింది, సరే. తప్పిందని నీకెందుకు తెలియలేదు?" అన్నారు. అది నిందలా లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టుంది.

నెల్లాళ్ళ తరువాత ఒక ఆదివారం నన్నూ కోటయ్య గారినీ వాళ్ళింటికి పిలిచారు. పెరట్లో నేలమీద సున్నంతో ఒక గుండ్రం గీసి, మధ్యలో వెదురు పాతి ఎర్రగుడ్డ కట్టారు. ముందు ఒక దుప్పటి అడ్డంగా కట్టడంతో విసిరేవాళ్ళకు పైనున్న ఎర్రగుడ్డ కనిపిస్తుంది గానీ నేల కనిపించదు. దుప్పటి మీదుగా ఇరవైసార్లు బంతి విసరాలి. ఎన్ని గుండ్రంలో పడ్డాయో ఎవరికి వారు ఊహించి చీటీమీద రాయాలి. అసలు లెక్క కోటయ్య గారిది. ఆయన చేతికర్రతో వచ్చి దుప్పటికి అవతల ఓ పక్కగా, బాగా దూరంగా కుర్చీ వేయించుకున్నారు.

"రాయమంటే రాస్తాను గానీ, ఎదురుగా మాత్రం కూర్చోనండి" అన్నారు. నేను తలెత్తలేకపోయాను.

"ముందు నేను" అన్నారు దానియేలు గారు. తాగకముందు నేను పన్నెండు, ఆయన తొమ్మిది అని రాశాం; ఇద్దరి చీటీలూ అసలు లెక్కకు ఒకటీ అరా తేడాతో సరిపోయాయి. రెండు గ్లాసుల కల్లు తాగి, అరగంట ఆగి మళ్ళీ విసిరాం. నేను పదిహేను అని రాశాను. పడ్డవి ఆరు. దానియేలు గారు పదకొండు అని రాశారు. పడ్డవి నాలుగు.

"సరిగ్గా చూశావా బాబాయ్?" అన్నాను చిరాగ్గా.

కోటయ్య గారు కోపం తెచ్చుకోలేదు. "ఆ రోజు కూడా నేనే చూశానబ్బాయ్" అన్నారు.

దానియేలు గారు రెండు చీటీలూ పక్కపక్కన పెట్టుకుని వింతగా చూస్తున్నారు. "గురి తగ్గినకొద్దీ ధీమా పెరిగిందయ్యా. విసిరే చెయ్యీ, దాన్ని కనిపెట్టుకుని ఉండాల్సిన బుర్రా ఒకే కుండలోది తాగాయి మరి" అన్నారు.

ఆయన రిటైరైనప్పుడు అందరం రామాపురం సముద్రపొడ్డుకు వెళ్ళాం. తిని, తాగి నీళ్ళలోకి దిగబోతున్నాం. కాలవల్లో ఈదుతూ పెరిగిన ఆయన చొక్కా గుండీలు విప్పబోయి ఆగి, ఇసుకలో కూర్చుండిపోయారు.

"ఏంటండీ, మీరు రారా?" అన్నాను.

"ఇవాళ ఎంత దూరమైనా ఈదెయ్యగలననిపిస్తోందయ్యా. అందుకే రావట్లేదు."

నేనూ ఆయన పక్కనే కూర్చున్నాను. మిగతావాళ్ళు లోతుకు పోబోతే ఇద్దరం కేకలేసి వెనక్కి పిలిచాం.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. చుక్క ముట్టకపోయినా, నాదే నిజమని ఒక్కోసారి నాకు మరీ గట్టిగా అనిపిస్తుంది. అప్పుడు పక్కనున్నవాళ్ళను అడుగుతాను: "మీకెలా కనబడిందండీ?"