రుచి చూసిన ఉప్పు

మా అక్క ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పెద్ద వంటమనిషి. నేను ఆవిడ పక్కనే కూరగాయలు తరుగుతాను. నాలుగు వందల మందికి వండినా ఒక్కరోజు కూడా ఎవరూ అదనంగా ఉప్పు అడగలేదని ఆవిడ గర్వం. గర్వమేమిటి నా మొహం, పొగరు!

అలాంటి మనిషి ఒకరోజు పొయ్యి దగ్గర కళ్లు తిరిగి కూలబడింది. చూస్తే బీపీ నూట అరవై ఐదు. మేనేజరు తెగేసి చెప్పాడు: "నెలలోపు అదుపులోకి రాకపోతే ప్లేట్లు కడిగే పనిలోకి మారుస్తాను." అక్కకి తల కొట్టేసినట్టయింది.

ఇంట్లో ఉప్పు డబ్బా అటకెక్కింది. చప్పిడి కూరలు బావగారు కిక్కురుమనకుండా తిన్నారు. అక్క ముందు నోరెత్తే ధైర్యం ఆయనకెప్పుడుంది గనక! డాక్టరమ్మ రాసిచ్చిన బీపీ మాత్ర కూడా రోజూ తప్పకుండా వేసుకుంది. పదిహేను రోజులైనా బీపీ దిగనంటే దిగనంది.

డాక్టరమ్మ ఒక పెద్ద క్యాను ఇచ్చి, రోజంతా మూత్రం అందులో పట్టి తెమ్మంది. తిన్న ఉప్పు దాదాపుగా అందులోకే వస్తుందట. లెక్క తేలింది: రోజుకు పదకొండు గ్రాములు. ఐదు దాటకూడదట.

"అంటే నేను దొంగతనంగా తింటున్నానంటారా?" అక్క గయ్యిమంది.

"ముందు మాత్ర ఎందుకు పనిచేయట్లేదో వినండి," అంది డాక్టరమ్మ. "ఉప్పు తగ్గితే కిడ్నీ ఊరుకోదు. రెనిన్ అనేదాన్ని రక్తంలోకి వదులుతుంది. దానివల్ల పుట్టే హార్మోన్లు రక్తనాళాల్ని బిగిస్తాయి, ఉన్న ఉప్పుని బయటికి పోనివ్వవు. బీపీ మరీ పడిపోకుండా అదొక ఏర్పాటు. మీ మాత్ర అడ్డుపడేది ఆ దారికే. మీరు ఉప్పు తింటూనే ఉంటే కిడ్నీకి ఆ దారితో పెద్దగా పనే ఉండదు. ఇంక మాత్ర దేనికి అడ్డుపడాలి?"

"మా ఇంట్లో చిటికెడు ఉప్పు లేదండీ!"

నాకు ఒళ్లు మండింది. "ఇంట్లో లేదు సరే, మరి క్యాంటీన్‌లో?" అన్నాను. రెండు పూటలా కలిపి పన్నెండు గుండిగలు. ఒక్కోదాని దగ్గర పదిసార్లు గరిటెతో అరచేతిలో వేసుకుని నాకుతుంది. అది తిండి కాదనుకుంది, పని అనుకుంది.

బయటికొచ్చాక అక్క, "రుచి చూడకపోతే నేనేం వంటమనిషినే?" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు గరిటె నా చేతికిచ్చింది. నేను చప్పరించి, "కొంచెం ఉప్పు పడాలక్కా," అన్నాను.

"పడదు. సరిపోయింది," అంది, కూర ఉడుకు చూస్తూ. మధ్యాహ్నం ప్లేట్లన్నీ ఊడ్చినట్టు తిరిగొచ్చాయి.

మిగతా పదిహేను రోజులూ అంతే. మాత్ర అదే, మోతాదూ అదే. బీపీ నూట ఇరవై ఎనిమిదికి దిగింది. మేనేజరు బీపీ రాసిన కాగితం చూసి, "రుచి చూడకుండా ఎలా వండుతున్నారమ్మా?" అని నోరు వెళ్లబెట్టాడు.

ఆయనకేదో చెప్పి పంపేసి, అక్క నా వైపు తిరిగింది.

"ఉప్పెంతో నా చేతికి ఎప్పుడో తెలుసే. ఎవరు వంక పెడతారోనని భయం. ముప్పై ఏళ్లుగా నాకింది ఆ భయంతోనే."