నేను చదవని పన్నెండు పేజీలు

ఆ రోజుల్లో అమీర్‌పేట గాలికే అనుభవం వచ్చేదనుకుంటాను. మా ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉగాదికి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరిన, ఏ పనీ ఎరగని పిల్లలకి దసరాకల్లా బయోడేటాలో మూడేళ్ళ అనుభవం వచ్చేసేది, ఎక్కడా ఉద్యోగం చెయ్యకుండానే. నాకు అంత ధైర్యం లేదు. (నిజాయితీ అని ఇప్పుడు చెప్పుకుంటాను గానీ అప్పట్లో అది ఉత్త భయమే.) అందుకని, రాసుకోవడానికి ఒక్క నిజమైన ముక్క దొరికితే చాలనుకుని, పంజాగుట్టలో చూపు లేని విద్యార్థుల కోసం పుస్తకాలని కంప్యూటర్లోకి ఎక్కించే చోట స్వచ్ఛందంగా చేరాను. సేవాభావం ఆవగింజంత కూడా లేదని ముందే ఒప్పేసుకుంటే నాకూ కాస్త తేలిక.

టైలర్ షాపు పైన ఒకటే గది. అది నడిపే ఆవిడని అందరం స్కానరక్క అనేవాళ్ళం. కొత్త పుస్తకాల వెన్ను బ్లేడుతో కోసి, కాగితాలు విడదీసి, ఒక్కొక్కటే స్కానర్లో పెట్టేది. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగిన నాకు మొదటిరోజు ప్రాణం విలవిల్లాడింది. పేజీని చూసి కంప్యూటర్ తనకి తోచిన అక్షరాలేవో రాస్తుంది. దాన్ని అసలు కాగితంతో పోల్చి, లైను లైనూ చదివి దిద్దడం మా పని. దిద్దినదాన్ని ఆ విద్యార్థులకి కంప్యూటరే పైకి చదివి వినిపిస్తుంది. ఎక్కడ ఆపామో అక్కడ మూడు చుక్కలు పెట్టి, అంతా అయ్యాక చెరిపెయ్యాలని రూలు. నాకిచ్చింది కాంట్రాక్టుల మీద ఇంగ్లీషు లా పుస్తకం. చదువుతుంటే నిద్ర ముంచుకొచ్చేది. అది ఆపుకోవడానికి చుక్కల బదులు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కబుర్లు రాసేదాన్ని. "ఇక్కడిదాకా అయింది, టీకి వెళ్తున్నా." "ఈయన చెప్పిందే చెప్తున్నాడు బాబోయ్." "హాస్టల్లో ఇవాళ కూడా వంకాయే." చివర్లో అన్నీ ఒకేసారి చెరిపేద్దామనుకున్నాను. అనుకున్నాను, అంతే. పరీక్షలు దగ్గర పడ్డాయని స్కానరక్క కూడా మళ్ళీ చూడకుండానే ఫ్లాపీలు పంపేసింది.

వారం తర్వాత నేను మెట్లెక్కేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. "పిల్లా, గా కాంట్రాక్టుల పుస్తకం జూసింది నువ్వే గదా? అన్న పొద్దుగాల సంది నీ కోసమే కూసున్నడు."

కంప్యూటర్ ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చూపు లేని ముప్పై ఏళ్ళాయన ఉన్నాడు. ఎర్రగడ్డలో టెలిఫోన్ బూత్ నడుపుతూ సాయంత్రాలు లా కాలేజీకి వెళ్తాడట. సోమవారం పరీక్ష. ఈ పేపర్ ఒకసారి పోయింది, ఈసారీ పోతే ఏడాది పోయినట్టే. ఆయన హెడ్‌ఫోన్ల తీగ పీకేశాడు. గదిలో పోపులో ఆవాలు చిటపటలాడినట్టు ఏదో చప్పుడు.

"అయ్యో, కంప్యూటర్ పాడైందా అన్నా?"

"లే చెల్లె, చదువుతుంది. నా స్పీడ్ గిదే."

నాకు ఒక్క ముక్క అందని ఆ వేగంలో ఆయన లా పుస్తకం చదువుకుంటున్నాడు! నాకోసం వేగం తగ్గించాడు. కంప్యూటర్లోని విదేశీ గొంతు ఏదో సెక్షన్ చదివి, అదే గాంభీర్యంతో, హాస్టల్లో ఇవాళ కూడా వంకాయే అంది. నాకు కిటికీలోంచి దూకెయ్యాలనిపించింది.

"తప్పయిపోయిందన్నా, అన్నీ ఇప్పుడే చెరిపేస్తాను."

"జర ఆగు. గవి ఉంటే ఫికర్ లేదు, మస్తు నవ్వుకున్న. ఒక్కటి చెప్పు. నూట ఎనభై ఎనిమిదో పేజీ కాడ ఇంటర్వ్యూ పోయిందని రాసినవ్. గాడికెల్లి రెండొందల దాంక నీ మాట ఒక్కటి సుత లేదు. గా పన్నెండు పేజీలల్ల కింద ఉండే నోట్సు వచ్చి వాక్యాల నడుమ పడ్డయ్, అంత కిచిడీ. ఆడ నువ్వు చదవలే. అవునా, కాదా?"

ఆర్నెల్లుగా అమీర్‌పేటలో నేను నేర్చుకుంటున్నది సాఫ్ట్‌వేర్లో తప్పులు పట్టడం. (ఫీజు కట్టి మరీ.) ఈయన నేను రాసినదాన్ని కాదు, రాయనిదాన్ని పట్టుకున్నాడు. అలాంటి మనిషిని అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

"అవునన్నా. ఏడుస్తూ పేజీలు తిప్పేశాను."

"ఏడ్సుడు తప్పు గాదు చెల్లె. చదివిన అని ఇచ్చుడు తప్పు. గా చాప్టర్ నుంచి క్వశ్చన్ పక్కా వస్తది."

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. స్కానరక్క కట్టల్లోంచి ఆ కాగితాలు వెతికి తీశాను. పైకి చదువుతూ, దిద్దుతూ కూర్చున్నాను. ఆయన ఒక్క కామా కూడా వదలనివ్వలేదు. కింద కుట్టుమిషన్ల మోత, రోడ్డు మీద బస్సుల హారన్లు, నా గొంతు బొంగురుపోయింది. ఆ పన్నెండింట్లో పదో పేజీకొచ్చేసరికి, ఏదో కేసులో ఒకడు వానకి కారుతుందన్న సంగతి దాచి, మంచి ఎండాకాలంలో ఇల్లు అమ్మేశాడు.

"అయ్యో, మరి కొన్నవాడి గతేంటి?" అనేశాను, నాకు తెలియకుండానే.

ఆయన పకపకా నవ్వాడు. "ఆఁ, గిప్పుడు చదువుతున్నవ్!"

మిగతావాళ్ళకి మళ్ళీ పంపే కాపీల్లో నా కబుర్లన్నీ చెరిపేశాం. ఆయన మాత్రం తన కాపీ ముట్టుకోనివ్వలేదు. "గవి ఉన్న పేజీలకు గ్యారంటీ ఉన్నట్టు గదా," అన్నాడు. ఆ పేపర్ పాసయ్యాడని తర్వాత అక్క చెప్పింది. తన ఉద్యోగం గురించి ఏడ్చిన పిల్లకి ఆ రోజు ఇంకొకరి పరీక్ష ఫలితం విని కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఇప్పుడు నలభై దాటాయి. నేనూ తప్పులు పట్టే ఉద్యోగంలోనే ఉన్నాను, నా కింద పనిచేసే పిల్లలు రాసిన రిపోర్టుల మీద 'చూశాను' అని రాసి పంపడం నా పని. ఎప్పుడూ పూర్తిగా చూస్తానా అంటే, ఏం చెప్పను, బద్ధకం నాతోపాటే పెద్దదైంది. ఒక్కోసారి అన్నీ గబగబా తిప్పేసి 'చూ' దాకా రాస్తాను. అంతలో "అవునా, కాదా?" అని ఎవరో మెల్లగా అడిగినట్టుంటుంది. నవ్వుకుని, కళ్ళజోడు తుడుచుకుని, మొదటి పేజీకి వెనక్కి వెళ్తాను.