చివరి బిందె ఆయా

బొంబాయి కామాటిపురాలో, వరుస గదుల మా చాల్‌లో, కుళాయి దగ్గర చివరి బిందె ఎప్పుడూ ఆసుపత్రి ఆయాది. కాన్పుల వార్డులో బిడ్డ వెనకాల పడే మాయ మీది పలుచటి పొరను ఒలిచి, కడిగి, కాలిన గాయాల వార్డుకు తెచ్చేది. పాలమూరులో మాయను గుంట తీసి పాతిపెట్టే మావాళ్లకు ఆమె మైల మనిషి.

ఎనభైల్లో, నా పదో ఏట, కిరోసిన్ స్టవ్ భగ్గుమని నా కుడిచెయ్యి కాలింది. ఆ పొరను గాయం మీద పరిచింది ఆమే. అంచుల నుంచి మధ్యకు వేలితో నిమురుతూ, "నడువుండ్రి, నడువుండ్రి" అనేది.

ఎవరిని నడవమంటున్నావని అడిగాను.

"నీ తోలునే బిడ్డా. మనోళ్లు ఊరికెల్లి బంబై వొచ్చినట్టు, అంచులకెల్లి నడుసుకుంట వొచ్చి నడిమిట్ల కలుస్తది. పొర దారి సూపిస్తది, గంతే."

గాయం మానాక ఒక ఆదివారం చూడటానికి వచ్చింది. గడప బయటే నిలబడి నా చెయ్యి తడిమి, "మంచిగ కలిసింది" అని మురిసిపోయింది. తాగడానికి నీళ్లడిగింది.

అమ్మ చెంబు నా చేతికిచ్చి, "మీదికెల్లి పొయ్యి. చెంబు ముట్టనియ్యకు" అంది.

ఆయా దోసిలి పట్టింది. ఆమె మాన్పిన చేత్తోనే పైనుంచి పోశాను.