ఏడో గడిలో చుక్క

గిడ్డంగి సరుకుల రాకపోకలన్నీ చూసే పాత కంప్యూటర్‌కు ప్రోగ్రాములు రాసే ఆవిడను ఆఫీసంతా చుక్కలక్క అంటుంది. పట్టపగలే చుక్కలు చూపిస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు గానీ, అసలు సంగతి వేరు. ఆ నల్లతెర మీద ఏ వరుసకైనా ఏడో గడిలో నక్షత్రం గుర్తు, అంటే చుక్క, పెడితే యంత్రం ఇక ఆ వరుసను పట్టించుకోదు. మనుషులతోనూ అక్కది అదే పద్ధతి. ఒళ్లు మండించినవాడి వైపు గాలిలో వేలు పొడిచి, "నీకు చుక్క పెట్టేశా పో" అంటుంది. ఆ తర్వాత వాడు చెవిలో శంఖం ఊదినా, కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుంటుంది.

ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే చిన్న పనిముట్టు ఒకటి ఆవిడ రాస్తే, కుర్ర మేనేజర్ అది తనదేనని పైవాళ్లకు చెప్పుకున్నాడు. అక్క పనిముట్టులో తన పేరున్న వరుస కింద ఇంకో వరుస చేర్చి ఊరుకుంది: పేరు లేకపోతే ఆగిపో. పైవాళ్లకు చూపించే రోజు పొద్దున్నే అతను ఆ పేరుకు చుక్క పెట్టి, మీసం దువ్వుకున్నాడు. అందరూ వెనక నిలబడి చూస్తుండగా తెర బిగుసుకుపోయింది.

"అక్కా, ఏమైందో ఒక్కసారి చూడవా?" అంటూ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

అక్క తీరిగ్గా అద్దాలు తుడిచి, వెలుతురుకు ఎత్తి చూసుకుని, పైవాళ్లందరికీ వినబడేలా అంది:

"నా పేరుకు చుక్క పెట్టావుగా తమ్ముడూ. చుక్క పెట్టిన వరుస పలకదు."